పాఠం ఫోన్‌లో ఉంది, నోటికి రావడం లేదు

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో బీకాం పిల్లలకు అకౌంట్స్ చెబుతాను. ఒకరోజు రేణిగుంట నుంచి బస్సులో వస్తుంటే నా ముందు సీట్లో మా సెకండియర్ అమ్మాయి కూర్చుని ఉంది, నన్ను చూడలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో ఫోన్, ఫోన్‌లో బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ మీద, అంటే మన పుస్తకంలోని నిల్వకూ బ్యాంకు లెక్కలోని నిల్వకూ తేడా ఎందుకొచ్చిందో తేల్చే పట్టిక మీద, ఎవరో సార్ చెప్పిన వీడియో. మరుసటి రోజు నేను చెప్పాల్సిన పాఠమే అది. స్పీడు ఒకటిన్నరకు పెంచి చూస్తోంది, మధ్యలో వాట్సాప్ మెసేజ్‌లు వస్తే వెళ్లి చదివి, ఒకదానికి జవాబు కొట్టి, మళ్లీ వీడియోలోకి వచ్చింది, బస్టాండు వచ్చేసరికి వీడియో అయిపోయింది. నాకు చాలా సంతోషమేసింది. మేం చదువుకునే రోజుల్లో పాఠం ముందే చూసుకుని రావడమంటే క్లాసుకు ఒకరో ఇద్దరో చేసే పని.

మరుసటి రోజు ఆ అమ్మాయినే బోర్డు దగ్గరికి పిలిచాను. మన క్యాష్ బుక్ ప్రకారం బ్యాంకులో ఇంత నిల్వ ఉంది, ఒకతనికి చెక్కు ఇచ్చాం, అతను ఇంకా బ్యాంకులో వేయలేదు, పాస్ బుక్‌లో నిల్వ ఎంత ఉంటుందో తేలాలంటే ఆ చెక్కు మొత్తాన్ని కలపాలా, తీసేయాలా అని అడిగాను. ఇది ఆ పాఠంలో మొదటి మెట్టు. చాక్‌పీస్ పట్టుకుని చాలాసేపు నిలబడింది, "కలపాలి" అని రాసి, వెంటనే చేత్తో తుడిచేసింది. మొదట రాసిందే కరెక్టు. మనం మన పుస్తకంలో ఆ డబ్బు అప్పుడే తీసేశాం, బ్యాంకు ఇంకా తీయలేదు, కాబట్టి బ్యాంకు లెక్కకు వెళ్లాలంటే మళ్లీ కలపాలి. ఎందుకు తుడిచావమ్మా అంటే, "చూసేటప్పుడు బాగానే అర్థమయింది మేడం, ఇప్పుడు చెప్పేదానికే రావడం లేదు" అంది.

ఆ మాటలో అబద్ధం లేదు. చూసేటప్పుడు నిజంగానే అర్థమై ఉంటుంది. మనం ఎంత మామూలుగా అంటామో చూడండి, వాడికి చదువు వచ్చు, దానికి లెక్కలు రావు అని. చదువు రావడమంటే అవసరమైనప్పుడు లోపలి నుంచి బయటికి రావడం. పాఠం దొరకడం వేరు, రావడం వేరు. ఫోన్ వచ్చాక దొరకడం ఎంత తేలికైపోయిందంటే, ఆ రెండో పని ఇంకా మిగిలే ఉందన్న సంగతి పిల్లలే కాదు, మా టీచర్లం కూడా మర్చిపోతున్నాం.

'ఎప్పుడైనా ఎక్కడైనా చదువు' అని ఇప్పుడు అందరూ అంటున్నారు, కాలేజీ బ్రోచర్లలో కూడా వేస్తున్నారు. ఆ ఒక్క మాటలో మూడు విషయాలు ముడిపడి ఉన్నాయి, అందుకే దాని మీద వాదన ఎప్పుడూ తెగదు. పాఠం ఎప్పుడూ అందుబాటులో ఉండటం ఒకటి. పిల్లవాడు ఎప్పుడూ ప్రయాణంలో ఉండటం ఇంకొకటి. వాడు ఎప్పుడూ పదిమందితో కనెక్ట్ అయి ఉండటం మూడోది. ఒకదానికి పనికొచ్చే పద్ధతి ఇంకోదానికి పనికిరాదు. ఫోన్ మంచిదా చెడ్డదా అని కొట్లాడుకునేవాళ్లలో ఒకరు మొదటిదాన్ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతుంటే, రెండోవాళ్లు మూడోదాని గురించి మాట్లాడుతుంటారు.

ముందు అందుబాటు సంగతి చూద్దాం. కాలేజీకి రాలేనివాళ్ల దగ్గరికి చదువే వెళ్లాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు రాష్ట్రంలోనే మొదలైంది, తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకున్నది అదే. ఉద్యోగం చేసుకుంటూ, పొలం చూసుకుంటూ, పెళ్లయ్యాక పిల్లల్ని పెంచుకుంటూ డిగ్రీ చేసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఐఐటీల పాఠాలను వీడియోలుగా అందించే ఎన్‌పీటెల్ 2003లో మొదలైంది, కానీ అప్పట్లో మామూలు ఇంటి పిల్లలు వాటిని చూడాలంటే నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి కూర్చోవాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధరలు ఒక్కసారిగా దిగిపోయాయి. 2017లో కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల కోసం స్వయం, బడి పాఠాల కోసం దీక్ష అనే వేదికలు మొదలుపెట్టింది. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఇష్టం ఉన్నా లేకున్నా అందరం ఫోన్‌లోకి వచ్చాం. డిగ్రీలో ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2021లో యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ నిబంధన ఇచ్చింది. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చాయి. అంటే ఈ పిల్లలకు పాఠం కోసం వెతుక్కోవడం అనే అనుభవమే పెద్దగా తెలియదు. నాకు దొరకని పుస్తకం కోసం ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో మధ్యాహ్నమంతా తిరిగిన రోజు ఇంకా గుర్తుంది, ఆ పుస్తకంలో చదివింది కూడా గుర్తుంది. వాళ్లకు ఒకే పాఠం మీద ఇరవై వీడియోలు ఒకేసారి కనబడతాయి, వాటిలో ఏది చూడాలన్నదే వాళ్ల సమస్య.

లాక్‌డౌన్‌లో నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. క్లాసులో చెప్పే 50 నిమిషాల పాఠాన్ని అలాగే ఫోన్ ముందు కూర్చుని రికార్డు చేసి గ్రూపులో పెట్టాను, అలా ఎన్నో పెట్టాను. నెల తర్వాత అడిగితే ఎక్కువమంది మొదటి కొన్ని నిమిషాలు చూసి ఆపేశామన్నారు, కొందరైతే ఫైలు డౌన్‌లోడే చేయలేదు, ఎందుకంటే రోజుకు జీబీన్నర డేటా, ఇంట్లో ఆ ఒక్క ఫోనే, చెల్లెలి ఆన్‌లైన్ క్లాసూ అందులోనే. నాకు అప్పుడు బాధనిపించింది గానీ, ఈ పరిస్థితి నా ఒక్కదానిదే కాదని తర్వాత తెలిసింది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థ వీడియోలను పిల్లలు ఎలా చూస్తున్నారో ఫిలిప్ గువో, మరో ఇద్దరు కలిసి 2014లో లెక్క తీశారు, 69 లక్షల సార్లు వీడియో తెరిచి చూసిన డేటా అది. వీడియో ఎంత పొడవున్నా మామూలుగా చూసేది ఆరు నిమిషాల లోపే అని తేలింది. అందమైన స్లయిడ్ల కంటే, టీచర్ చేత్తో రాస్తూ చెప్పేవాటినే ఎక్కువసేపు చూశారని కూడా అందులోనే ఉంది. నాకైతే ఈ రెండోది చాలా ముఖ్యమనిపించింది. లెక్క చేత్తో పడుతుంటే చూసేవాడి బుర్ర కూడా దాంతోపాటు నడుస్తుంది, అచ్చయిపోయిన లెక్క కనబడితే తల ఊపి ఊరుకుంటుంది.

అలాగని పాఠాన్ని ఆరు నిమిషాల ముక్కలుగా కోసేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ముక్కలు చేస్తే చూడటం పెరుగుతుంది, రావడం పెరగాలని లేదు. ఈ తేడా వందేళ్లకు పైగా తెలిసిన సంగతే. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల ముక్కలను తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే పరీక్షించుకుని 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్న మొదటి కొన్ని గంటల్లోనే మరపు వేగంగా జరుగుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. మరి దీనికి మందేమిటి? రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2006లో కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఒక పాఠం ఇచ్చి మళ్లీ చదవమన్నారు, ఇంకొందరిని ఒకసారి చదివాక పాఠాన్ని పక్కనపెట్టి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత పెడితే మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు.

ఈ 'అయిదు నిమిషాల' సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగండి. మళ్లీ చూసినవాడికి వెంటనే ఫలితం బాగుంటుంది, అందుకే తనకు వచ్చేసిందని నమ్ముతాడు. వీడియో అయిపోగానే మా అమ్మాయికి అనిపించింది అదే. చూసిందే మళ్లీ చూడటం హాయిగా ఉంటుంది, తెలిసినట్టుంటుంది. పక్కనపెట్టి గుర్తుచేసుకోవడం కష్టంగా ఉంటుంది, రానట్టుంటుంది, కానీ చదువు లోపలికి దిగేది ఆ కష్టంలోనే. ఫోన్ ఏం చేసిందంటే, ఆ కష్టం మొదలయ్యే క్షణంలోనే తప్పించుకునే దారి చూపించింది. గుర్తురాలేదా, వీడియో వెనక్కి జరుపు, లేకపోతే గూగుల్‌లో కొట్టు. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చాక ఆ దారి ఇంకా దగ్గరైపోయింది.

ఈ మాట మన తెలుగువాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిన పనే లేదు, ఎందుకంటే దీని మీద ఒక పెద్ద కళనే కట్టినవాళ్లం మనం. అష్టావధానం చూసినవాళ్లకు తెలుసు. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, ఒకరు పూరించమని సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది అని పద్యంలో రావాల్సిన మాటలిస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి అని అక్షరాలు వాడొద్దంటారు, ఒకరు వర్ణన అడుగుతారు. అవధాని ఒకరి పద్యం మొత్తం ఒకేసారి చెప్పడు. మొదటి ఆవృత్తంలో, అంటే మొదటి చుట్టులో, ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతాడు, మళ్లీ మొదటివాడి దగ్గరికి వచ్చి రెండో పాదం, అలా నాలుగు ఆవృత్తాలు. మధ్యలో గంట కొడుతూ ఉంటారు, ఎన్ని కొట్టారో చివర చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవాయన సందు దొరికితే చాలు, పనికిమాలిన ప్రశ్న ఒకటి విసురుతాడు. చివర ధారణ, అన్ని పద్యాలూ కాగితం లేకుండా పూర్తిగా అప్పజెప్పాలి. మనస్తత్వశాస్త్రం తెలుగు పాఠ్యపుస్తకాల్లో అటెన్షన్‌కు వాడే మాట కూడా అవధానమే.

చాలామంది అవధానాన్ని ఒకేసారి ఎనిమిది పనులు చేయడం అనుకుంటారు. అవధాని ఏ క్షణంలోనైనా ఒక్క పనే చేస్తాడు, కానీ వదిలేసి వెళ్లిన పాదం దగ్గరికి సరిగ్గా తిరిగి వస్తాడు, దాన్ని చూడకుండా గుర్తుచేసుకుంటాడు. ఎడం ఇచ్చి, కలగలిపి, మళ్లీ మళ్లీ లోపలి నుంచి తీయడం. పరిశోధకులు గుర్తుండే చదువుకు ఏవేవి కావాలంటున్నారో అవన్నీ ఆ నాలుగు ఆవృత్తాల్లో ఉన్నాయి. మన పిల్లల చేతిలో ఉన్న ఫోన్‌లో అప్రస్తుత ప్రసంగం ఉంది, గంటలూ ఉన్నాయి, లేనిది ధారణ. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. పాఠం మధ్యలో మెసేజ్ చదివి వచ్చిన అమ్మాయికి జరిగేది అదే, కన్ను వీడియో మీదికి వచ్చేస్తుంది, మనసు కొంచెం ఆ మెసేజ్ దగ్గర ఆగిపోతుంది.

అయితే ఫోన్ మీద చెప్పే ప్రతి భయాన్నీ నమ్మకూడదు. ఫోన్ ముట్టుకోకపోయినా, బల్ల మీద ఉంటే చాలు బుర్ర పని తగ్గిపోతుందని 2017లో టెక్సాస్ నుంచి ఒక పరిశోధన వచ్చి బాగా ప్రచారమైంది. తర్వాత అదే ప్రయోగం చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. ల్యాప్‌టాప్ కంటే చేత్తో నోట్సు రాసుకుంటేనే బాగా వస్తుందన్న 2014 నాటి పరిశోధనది కూడా ఇదే పరిస్థితి. కాబట్టి నేను క్లాసులో ఫోన్ల గురించి పిల్లలకు శాస్త్రం పేరు చెప్పి భయపెట్టను. తిరుమలలో దర్శనానికి వెళ్లేముందు ఫోన్ డిపాజిట్ చేస్తాం కదా, ఇక్కడ కూడా గంటసేపు అంతే అని ఒక అట్టపెట్టె పెట్టాను. కొండ మీద ఆ కాసేపు ఫోన్ లేకుండా ఎవరికీ ఏమీ కాలేదన్నది ప్రతి పిల్లవాడికీ సొంత అనుభవం, అందుకే ఎవరూ గొణగలేదు. క్లాసు మధ్యలో ఫోన్‌తో పని పడితే పెట్టెలోంచి తీసుకుంటారు, పని కాగానే మళ్లీ పెట్టేస్తారు.

ఇక ప్రయాణం. మా క్లాసులో సగానికి పైగా పిల్లలు రోజూ పుత్తూరు, శ్రీకాళహస్తి, పాకాల, చంద్రగిరి వైపు నుంచి వచ్చిపోతారు. కొందరు సాయంత్రం లాడ్జి రిసెప్షన్‌లోనో, బట్టల షాపులోనో పనిచేస్తారు. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలకు, తోటలకు వెళ్లే పిల్లలుంటారు. డిగ్రీలో ఇప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది, ఇంటర్న్‌షిప్పులున్నాయి, అంటే కోర్సే వాళ్లను క్లాసు బయటికి పంపుతోంది. వీళ్లకు ఎక్కడైనా చదువుకోవడం అనేది సౌకర్యం కాదు, అంతకుమించి వేరే దారి లేకపోవడం. కానీ ఆ 'ఎక్కడైనా' అంటే ఏమిటో ఒకసారి దగ్గరగా చూడాలి. పొద్దున ఏడున్నర బస్సులో సీటు దొరికితే అదృష్టం, ఒక చేత్తో కడ్డీ పట్టుకోవాలి, కండక్టర్ చిల్లర అడుగుతుంటాడు, పాటలు వినబడుతుంటాయి, ఎండ స్క్రీన్ మీద పడుతుంది, చార్జింగ్ 18 శాతం. అక్కడ కొత్త విషయం, అందులోనూ కలపాలా తీసేయాలా అని మూడు మెట్లు మనసులో నిలబెట్టుకోవాల్సిన విషయం, మొదటిసారి నేర్చుకోమనడం అన్యాయం. మనసులో ఒక్కసారికి పట్టేది చాలా తక్కువ, ఉన్న కొంచెంలో సగం కడ్డీ పట్టుకోవడానికే పోతుంది.

ఇక్కడే నాకు ఫ్లిప్‌డ్ క్లాస్‌రూమ్, అంటే తిరగేసిన తరగతి అనే పద్ధతితో పేచీ వచ్చింది. 2007లో అమెరికాలో కొలరాడోలోని ఒక చిన్న ఊళ్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు పాఠాన్ని వీడియోలుగా ఇంటికి పంపి, క్లాసులో లెక్కలు చేయించడం మొదలుపెట్టారు, అది ప్రపంచమంతా పాకింది. మంచి పద్ధతే. కానీ అది ఇంట్లో ఒక బల్ల, ఒక గది, ఒక అరగంట ప్రశాంతత ఉన్నాయని అనుకుని మొదలవుతుంది. నా పిల్లల్లో చాలామందికి ఆ మూడూ ఒకేచోట దొరికేది కాలేజీలోనే. అందుకని నేను తిరగేసినదాన్ని మళ్లీ తిరగేశాను. కష్టమైన విషయం మొదటిసారి క్లాసులోనే, నెమ్మదిగా, చేత్తో రాస్తూ చెబుతాను, అక్కడే ఒక లెక్క వాళ్లతో చేయిస్తాను. బస్సుకు పంపేది ప్రశ్న. సాయంత్రం గ్రూపులో ఒక్క వాక్యం పెడతాను, 'బ్యాంకు మనకు చెప్పకుండా 118 రూపాయలు చార్జీ కోసింది, క్యాష్ బుక్ నుంచి బయల్దేరితే ఏం చేయాలి, ఎందుకు?' అని. చదివి, ఫోన్ జేబులో పెట్టేసి, దిగే స్టాపు లోపల మనసులోనే జవాబు అనుకోవాలి. దిగాక వాయిస్ మెసేజ్ పంపాలి. మూడు రోజుల తర్వాత అదే ప్రశ్న వేరే అంకెలతో వస్తుంది, పది రోజుల తర్వాత మళ్లీ వస్తుంది. డేటా కూడా పెద్దగా ఖర్చవదు, కీప్యాడ్ ఫోన్ ఉన్నవాడికి ఫ్రెండు చదివి చెప్పినా చాలు.

వాయిస్ మెసేజ్ ఎందుకంటే, 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియమే అయింది. పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి, ఆలోచన తెలుగులో నడుస్తుంది. రాసి పంపమంటే పుస్తకంలోని ఇంగ్లిష్ వాక్యాన్ని ఫోటోలాగా దించి పంపుతారు, అర్థమైందో లేదో నాకు తెలియదు. నోటితో చెప్పమంటే, "మేడం, మన బుక్కులో మనం ఇంకా రాసుకోలేదు, వాళ్లు అప్పుడే కోసేసినారు, కాబట్టి మనం కూడా తీసేయాల" అని వస్తుంది. ఆ "కాబట్టి" వినబడిందంటే పాఠం వచ్చిందని అర్థం. అది వినడానికి పది సెకన్లు చాలు. ఇంగ్లిష్ మాటలు తర్వాత క్లాసులో దానికి తొడుగుతాం, అది పెద్ద పని కాదు.

మూడోది, ఎప్పుడూ కనెక్ట్ అయి ఉండటం. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిందీ, ఎక్కువ ఆశ ఇచ్చిందీ ఇదే. అసైన్‌మెంట్ ఇస్తే రాత్రి పదకొండు లోపల ఒక జవాబు గ్రూపులోకి వస్తుంది, పొద్దునకు అరవై నోటుపుస్తకాల్లో అదే జవాబు, అదే తప్పుతో సహా. మొదట్లో కోప్పడ్డాను. తర్వాత ఆలోచిస్తే, అందరికీ ఒకే లెక్క ఇచ్చింది నేను, ఒకే జవాబు వస్తోందని బాధపడుతోందీ నేనే. పక్కవాణ్ణి అడగడం తప్పు కాదు, మేమూ అడిగి నేర్చుకున్నాం. పక్కవాడి జవాబు నాకు సరిపోయేలా ప్రశ్న ఉండటమే తప్పు. అందుకని ఇప్పుడు లెక్క వాళ్ల జీవితంలోంచే తెచ్చుకోమంటాను. వారం రోజులు నువ్వు ఖర్చుపెట్టింది చేత్తో ఒక కాగితం మీద రాసుకో, వారం తర్వాత ఫోన్‌పేలో ఉన్న లిస్టుతో పోల్చు, తేడా ఎక్కడుందో చెప్పు. అది కూడా బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంటే. అరవై మందికి అరవై తేడాలు వస్తాయి, ఎవరిది ఎవరికీ పనికిరాదు, చాట్ జీపీటీకి కూడా ఆ కాగితం తెలియదు. కానీ ఎలా చేయాలన్నది ఒకరినొకరు అడుక్కుంటారు, గ్రూపు ఆ రాత్రి నిజంగా చదువుతో నిండిపోతుంది.

కనెక్ట్ అయి ఉండటంలో టీచర్ల వైపు కూడా ఒక బరువు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పిల్లలు ఎప్పుడైనా చదువుకోవచ్చు అంటే టీచర్ ఎప్పుడైనా దొరకాలనే అర్థం వచ్చేస్తోంది. రాత్రి పన్నెండుకు డౌట్ వస్తుంది, నీలం టిక్కులు పడ్డాక జవాబివ్వకపోతే పిల్లలు నొచ్చుకుంటారు. నేను ఏడు నుంచి ఎనిమిది దాకా అని చెప్పేశాను, ఆ గంటలో అన్నీ వింటాను. దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది, మధ్యాహ్నం వచ్చిన డౌట్ ఏడింటిదాకా ఆగాల్సి వస్తే, చాలాసార్లు ఆ లోపల వాళ్లకే తేలిపోతోంది. "వచ్చేసింది మేడం, వదిలేయండి" అని మెసేజ్ చూసినప్పుడల్లా నాకు జవాబు చెప్పినదానికంటే ఎక్కువ సంతోషం.

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎప్పుడు చూసినా ఫోన్ పట్టుకునే ఉంటాడు, అడిగితే చదువుతున్నానంటాడు, నిజంగా చదువుతున్నాడో లేదో మాకెలా తెలుస్తుంది అని. లాక్కోవద్దు, తొంగిచూడొద్దు, వాడి చాటింగులు వెతకొద్దు, ముఖ్యంగా ఆడపిల్లల ఫోన్ లాక్కోవద్దు, కొందరికి అది పోయిందంటే చదువు ఆగిపోయినట్టే. ఫోన్ అక్కడ పెట్టి, ఇప్పుడు చదివింది నాకు అర్థమయ్యేలా చెప్పు నాన్నా అనండి, అంతే. మీకు అకౌంట్స్ తెలియక్కర్లేదు. చెప్పడానికి నోరు తడబడితే వాడికే తెలిసిపోతుంది.

పోయిన సంవత్సరం ఈ ఖర్చుల లెక్క ఇచ్చినప్పుడు పాకాల వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, నేను ఫోన్‌పే వాడను మేడం, నాకు ఖర్చులే లేవు అన్నాడు. ఇంట్లో రెండు ఆవులున్నాయని, పాలు డెయిరీకి పోస్తారని తెలుసు. సరే, పాల స్లిప్పులు తీసుకురా అన్నాను. ప్రతి పూటా పాలు పోశాక చేతికిచ్చే చిన్న కాగితం, లీటర్లు, ఫ్యాట్ అంటే వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ అంటే వెన్న కాని మిగతా ఘనపదార్థం, రేటు, మొత్తం. వాళ్లమ్మ వాటిని ఒక రబ్బరు బ్యాండు వేసి దేవుడి గూట్లో పెడుతుందట. పదిహేను రోజులవి కూడితే 5,460 రూపాయలు. ఆ పక్షానికి బ్యాంకులో పడింది 3,940. తేడా 1,520.

ఆ అబ్బాయి మొదట ఫోన్‌లో వెతికాడు, పాల రేటు తగ్గిందేమోనని. తర్వాత మళ్లీ కూడాడు. మూడో రోజు సాయంత్రం ఏడు దాటాక వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల ఆవు అరుపు, గిన్నెల చప్పుడు వినబడుతున్నాయి. "మేడం, అమ్మనడిగినాను. 1,150 దాణా మూటకు పట్టుకున్నారంట, అది మా స్లిప్పుల్లో ఉండదు. ఇంకో 370 చివరి రోజు రెండు పూటల పాలు, అది వచ్చే బిల్లులో పడుతుందంట. ఒకటేమో మనం రాసుకోనిది, ఇంకొకటేమో వాళ్లకు ఇంకా చేరనిది. పుస్తకంలో ఉండేది ఇదే కదా మేడం?" వెనక నుంచి వాళ్లమ్మ గొంతు, "దాణా మూట ముక్కాల్ భాగం అయిపోయిందని కూడా చెప్పు రా."